ఊకకు విలువ వచ్చిన ఏడాది

1963 వేసవి. బందరు ఊరి చివర, కాలవ గట్టును ఆనుకుని ఉన్న ఒక రైసుమిల్లులో నేను ఇంజన్ ఫిట్టరుగా పనిచేస్తున్నాను. మిల్లు ఆయిల్ ఇంజన్ మీద నడిచేది. డీజిలు పీపాల్లో వచ్చేది. ధాన్యం బండ్ల మీదా పడవల మీదా వచ్చి, బియ్యమై బస్తాల్లో వెళ్లిపోయేది. వెనక మిగిలేది ఊక, అంటే వడ్ల పైపొట్టు. దాన్ని కొనేవాడు లేడు. కావలసినవాళ్లు గంపతో వచ్చి ఎత్తుకుపోవచ్చు, అదీ ఆనవాయితీ. అప్పటికీ తరగని ఊకను కూలీలు కాలవలో పారబోసేవారు. కింద ఉన్న పేటలన్నీ తాగేది ఆ నీళ్లే. మా ఇల్లు కూడా ఆ పేటల్లోనే ఉంది.

దీని మీద నేను అర్జీ పెట్టని ఆఫీసు లేదు. చివరికి ఒక ఓవర్సియరు వచ్చాడు. మిల్లు ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చుని కాఫీ తాగి, బయటికొచ్చి నన్ను చూసి, "ఊకేగదయ్యా, తేలిపోతుంది. విషం పోసినట్టు రాశావేంటి?" అన్నాడు. మిల్లు యజమాని సుబ్బారాయుడు గారు పదిమంది కూలీల ముందు, "జీతమిచ్చే చోటు మీదే అర్జీలు రాస్తాడు మా దావీదు" అని నవ్వారు. నన్ను కూర్చోమని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు. కొందరు ఇలాంటివి మర్చిపోతారట. నేను మర్చిపోలేదు.

ఆ ఏడాది బడ్జెట్ చైనా యుద్ధం అయిన వెంటనే వచ్చింది. దేశానికి డబ్బు కావాలి కాబట్టి డీజిలు మీదా కిరసనాయిలు మీదా పన్ను పెంచారు. ఎక్సైజు సుంకం అంటారు దాన్ని. సరుకు తయారయ్యే చోటే వసూలు చేస్తారుగాని చివరికి అది మోసేది కొనేవాడే. పేపరు చదివిన రోజు సుబ్బారాయుడు గారు భోజనానికి లేవలేదు. మర్నాడు గుడివాడ వెళ్లి బావమరిది మిల్లు చూసి వచ్చారు. వస్తూనే నన్ను పిలిచారు.

"వాళ్లది ఊక మీదే ఆడుతోందయ్యా. డీజిలు చుక్క ముట్టరు. మన షెడ్డులో నాన్నగారి నాటి బాయిలరు ఉంది గదా, లేస్తుందా?"

"ఓపిగ్గా చేస్తే లేస్తుందండి."

"నీకు ఓపికెక్కువేలే, అర్జీల్లో చూశాం."

ఈ మాట కూడా గుర్తుపెట్టుకుని పని మొదలుపెట్టాను. బాయిలరు లోపల పేరుకున్న పెచ్చును సుత్తితో కొట్టి రాల్చాం. చెడిన గొట్టాలు మార్చాం. పొయ్యిలో స్టెప్ గ్రేట్ కట్టాం. అంటే ఇనుప పలకలను మెట్లలా పేర్చడం. పైమెట్టు మీద వేసిన ఊక కాలుతూ ఒక్కొక్క మెట్టే జారుకుంటూ వస్తుంది. ఊక కుప్పగా పోస్తే పొగే గాని మంట రాదు, మెట్ల మీద జారితే గాలి తగిలి భగ్గుమంటుంది. బాయిలర్ల ఇనస్పెక్టరు వచ్చి హైడ్రాలిక్ టెస్టు చేశారు. ఆవిరి పెట్టే ముందు బాయిలరు నిండా నీళ్లు నింపి, పంపుతో ఒత్తిడి పెంచి, ఎక్కడైనా చెమ్మ కారుతుందేమో చూసే పరీక్ష అది. కారలేదు. బాయిలరు నడిపే సర్టిఫికెట్టు ఆ మిల్లులో నా ఒక్కడికే ఉంది.

ఆవిరి వదిలిన రోజు వాల్వు నేనే తిప్పాను. ఎన్నో ఏళ్లు దుమ్ములో నిద్రపోయిన పాత ఆవిరి ఇంజను ఫ్లైవీలు, మనిషికి రెండింతలున్న ఆ ఇనుప చక్రం, ఒకసారి వెనక్కి ఊగి, ఆలోచించుకున్నట్టు ఆగి, మెల్లగా ముందుకు తిరిగింది. నేలంతా అదిరింది. నిన్నటిదాకా కాలవలో పారబోసిన పొట్టు అది. అదే ఇప్పుడు మిల్లంతటినీ లాగుతోంది.

ఇక ఊక గంపెడు కూడా బయటికి పోలేదు. సుబ్బారాయుడు గారు రేకుల షెడ్డు వేయించి తాళం పెట్టించారు. వారం పది రోజుల్లో కాలవ తేటపడింది. రేవు మెట్ల దగ్గర నిలబడితే అడుగున ఇసక, దాని మీద పాకే నత్తలు కనపడ్డాయి. నా అర్జీలన్నీ కలిసి కదిలించలేని కాలవను, నన్నూ కాలవనూ ఎన్నడూ చూడని ఎవరో ఢిల్లీలో రాసిన ఒక్క వాక్యం కడిగేసింది. ఆ వాక్యంలో కాలవ మాటే లేదు.

ఆ సంతోషాన్ని కాంతమ్మ ఉండనివ్వలేదు. ఆమె గట్టు మీద మరమరాలు వేయించేది. ఆమెవీ, పక్కనున్న మరో ముగ్గురు ఆడవాళ్లవీ పొయ్యిలన్నీ మిల్లు ఊక మీదే నడిచేవి. మూకుట్లో ఇసక బాగా కాలాక బియ్యం వేసి నాలుగు తిప్పులు తిప్పితే పేలి తెల్లగా పైకొస్తాయి.

"ఏం దావీదన్నయ్యా, కాలవ బాగుందా?" అంది.

"బాగుందమ్మా. అడుగు కనపడుతోంది."

"కనపడుద్ది మరి. ఊక పొయ్యొద్దని అర్జీలు రాసింది నువ్వేగా. కాలవలోనూ పొయ్యట్లేదు, నా పొయ్యిలోనూ పొయ్యట్లేదు."

"నా అర్జీ వల్ల కాదమ్మా. డీజిలు మీద పన్నేశారు, దాంతో..."

"నేను డీజిలు తాగుతానా? నా పొయ్యి తాగుద్దా?"

ఆమె అప్పుడు దివిసీమ నుంచి పడవల మీద వచ్చే మడకట్టె, అంటే ఉప్పునీటి అడవుల్లో కొట్టిన కట్టె, కొంటోంది. ఆ మంట ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. సగం బియ్యం మాడిపోతున్నాయి. "వానలు పడేదాకా చూస్తాను. ఇట్టాగే ఉంటే పొయ్యి పడగొట్టి నాట్లకెళ్తాను" అంది. ఆమె తల్లి కూడా ఆ పొయ్యి దగ్గరే బతికింది.

తర్వాత కొద్ది రోజులకే బాయిలరుకు ఒక పాత వాల్వు దొరుకుతుందంటే అవనిగడ్డ వెళ్లాను. అది అక్కడ లేదు, నాగాయలంక అవతల ఒక మూతపడ్డ మిల్లులో ఉందన్నారు. పడవ మీద వెళ్తుంటే ఉప్పుటేరు మలుపు తిరిగింది. అక్కడ నేను కుర్రతనంలో చూసిన మడ అడవి ఉండాలి. కొమ్మలు నీళ్లమీదికి వంగి, మధ్యాహ్నం కూడా చీకటిగా ఉండే చోటు. ఇప్పుడు ఆకాశం కనపడింది. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్లు మాత్రం వేలకు వేలు అలాగే ఉన్నాయి. వాటి పైన చెట్లు లేవు.

"ఇదివరకు ఇంత కొట్టేవాళ్లు కాదండి," అన్నాడు పడవతను. "బందరులో అడుగుతున్నారు గదా. అక్కడ ఊక దొరకట్లేదంట, కిరసనాయిలు ప్రియమైపోయిందంట. ఉప్పెన గాలికి అడ్డం నిలబడేవి ఇయ్యేనండి. ఏం చేస్తాం, అడిగినోళ్లకి ఇవ్వాలి గదా."

డీజిలు మీద వేసిన పన్ను మా ఇంజన్ను ఆపింది, పాత చక్రాన్ని తిప్పింది, కాలవను తేటపరిచింది, కాంతమ్మ పొయ్యి ఆర్పింది, అక్కడితో ఆగకుండా సముద్రం ఒడ్డుకు వచ్చి చెట్లు కొట్టింది. పన్నంటే జేబులో చెయ్యి పెట్టేదనే అనుకున్నాను అంతవరకు. దాని చెయ్యి ఇంత పొడుగని తెలియదు.

వాల్వు తీసుకుని తిరిగొచ్చేసరికి, అంతవరకు బూడిద పోసే గుంట నిండిపోయి, మిల్లు వెనక కూలీలు కాలవ నీళ్లు తోడి బాయిలరు బూడిద మీద పోస్తున్నారు. స్టెప్ గ్రేట్ కిందినుంచి లాగిన ఊకబూడిద పైకి నల్లగా ఉన్నా లోపల ఎర్రగా కణకణలాడుతుంది. ఆర్పకపోతే నిప్పంటుకుంటుందని నీళ్లు కొట్టి, ఆ మసినీళ్లు మళ్లీ కాలవలోకే వదులుతున్నారు. నేను కేకలేస్తుండగానే కాంతమ్మ వెనక గేటు తోసుకుని వచ్చింది. చేతిలో ఇసక మూకుడు ఉంది. ఎవర్నీ అడగలేదు. ఇంకా తడపని కుప్పలో మూకుడు కూరి, చుట్టూ కర్రతో బూడిద ఎగదోసింది. చుట్ట ఒకటి కాల్చినంతసేపు కూర్చుంది. తర్వాత గుప్పెడు బియ్యం వేసి తిప్పింది. పేలాయి. ఒక్క గింజ మాడలేదు.

సుబ్బారాయుడు గారు పరుగున వచ్చారు.

"ఇది మిల్లా, మీ వంటిల్లా? ఆడాళ్లు బాయిలరు దగ్గర తిరిగితే ఇనస్పెక్టరు మూయిస్తాడు. పదపద."

"మీ నిప్పుని నీళ్లు పోసి చంపుతున్నారు," అంది కాంతమ్మ. "చచ్చేదేగా అడిగింది, బతికేది కాదుగా."

నేను కల్పించుకున్నాను. "వీళ్లు లోపలికి రానక్కర్లేదండి. వెనక గోడకి కంత పెట్టిస్తే బూడిద అవతలికే లాగొచ్చు. పొయ్యిలు బయటే ఉంటాయి. మనకి నీళ్లు మోసే పనీ తప్పుద్ది, కాలవలో మసీ కలవదు."

"మిల్లెవరిదయ్యా?"

"మీదేనండి. సర్టిఫికెట్టు నాది. కంత పెట్టించినరోజే నేను ఆవిరి లేపుతాను."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఎందుకయ్యా నీకింత పంతం?"

"ఓవర్సియరు గారొచ్చిన రోజు నుంచి ఉందండి," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. చెప్పాలని నాకూ అనిపించలేదు.

ఒక రోజంతా మిల్లు ఆడలేదు. ధాన్యం బండ్లు గేటు దాకా నిలబడిపోయాయి. ఆ మర్నాడు తాపీమేస్త్రి వచ్చాడు. గోడకి కంత పడింది. అవతల పల్లంలో నాలుగు మూకుళ్లు వరసగా కూరారు. నేను ఆవిరి లేపాను. లోపల ఫ్లైవీలు తిరుగుతుంటే గోడకవతల బియ్యం పేలుతున్న చప్పుడు వినపడింది. ఒకే ఊక. మిల్లును లాగిన తర్వాత మిగిలిన వేడితో నాలుగు సంసారాలను లాగుతోంది. వానలు పడ్డాయి. కాంతమ్మ నాట్లకు వెళ్లలేదు. మడకట్టె పడవను మళ్లీ పిలవలేదు. తరవాత సుబ్బారాయుడు గారు గుడివాడ బావమరిదికి ఆ కంత చూపిస్తూ, "నాకే తట్టింది" అన్నారు. చేతిలో నూనెగుడ్డతో నేను పక్కనే ఉన్నాను.

మడ అడవి మొత్తాన్ని ఆ కంత కాపాడిందని చెప్పను. బందరులో పొయ్యిలు ఇంకా చాలా ఉన్నాయి. ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒకటే. అప్పటినుంచి ఏటా బడ్జెట్ వచ్చినప్పుడు ఏది ఎంత పెరిగిందని నేను చూడను. పెరిగినదానికి బదులు జనం ఏం కాలుస్తారు, అది ఎక్కడినుంచి తెస్తారు, తెచ్చిన చోట ఏం మిగులుతుంది అని చూస్తాను. పన్ను వేసేవాళ్లు కూడా ముందే ఈ మాట అడిగితే బాగుంటుందని ఢిల్లీకి వివరంగా అర్జీ రాశాను. దానికీ ఇంతవరకు జవాబు రాలేదు.