దిగే బండే ఆగాలి

ఉద్యోగం వచ్చింది! బండ్లు తయారుచేసే కంపెనీలో, కొత్త బండ్లు తోలి చూసి బాగోగులు చెప్పే ఇంజనీరు ఉద్యోగం. అదీ పికప్పుల టీములో!

పొద్దున మెయిల్ వచ్చింది. చదివిందే చదివి గట్టిగా అరిచినా. అమ్మ చపాతీ పిండి కలుపుతా, "ఏమే, అరుపులు ఆపు, పక్కింటోళ్లు ఏమో అయిందనుకుంటారు" అనింది. అన్నది గానీ ఆ పిండి చేతుల్తోనే నా మొహం పట్టుకుంది. నాయనకు ఫోన్ చేస్తే బేస్తవారిపేట దాటినాడంట. బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, "ఇప్పుడు చెప్పు పాపా, మొదట్నుంచి" అన్నాడు. చెప్పినా. అంతా విన్నాడు. తర్వాత, "వాళ్ల పికప్పు ఎంత లోడు లాగుతాదంట?" అన్నాడు. మా ఇంట్లో కాలేజీకి పోయి డిగ్రీ తెచ్చుకున్నది నేనే మొదలు. నాయనకు సంతోషమొస్తే ఇట్లాంటివే అడుగుతాడు.

ఈ పిచ్చి నాకు అంటింది మార్కాపురంలో, గిద్దలూరు రోడ్డు మీదుండే ఒక రిపేరు షెడ్డులో. నాయనకు సొంత పికప్పు ఉంది, బడిపిల్లలు రాసుకునే రాతి పలకల ఫ్యాక్టరీల లోడ్లు తోలతాడు. ఆదివారమైతే ఆ షెడ్డులో ముగ్గురు చేరేవాళ్లు: నాయన, షెడ్డు నడిపే మెకానిక్ చాచా, మా వీధి లెక్కల సారు. సారుకు ఒక పాత పెట్రోలు కారుంది, పెళ్లికి ముందు కొన్నది. ఎండ తగలకుండా దానికి దుప్పటి కప్పుతాడు. "నాకు చలిజ్వరమొచ్చినప్పుడు గూడా ఇంత జాగర్తగా కప్పలా ఈయన" అని ఆయన భార్య అందరికీ చెప్పేది.

ముగ్గురూ కలిస్తే వాదనే.

"ఏమయ్యా, నీ పికప్పు ఖాళీగా పోతే దూడ ఎగిరినట్టు ఎగురుతాది. అదేం ప్రయాణమయ్యా?" అనేవాడు సారు.

"ఖాళీగా తోలమని ఎవరు చెప్పినారు సార్? వెనక టన్ను పడనీండి, అప్పుడెక్కి చూడండి. ఊయల్లో పండుకున్నట్టుంటాది."

"ఊయలంట! నడుం పట్టుకుని దిగినోళ్లను ఎంతమందిని చూసినా నేను!"

చాచా మధ్యలో వచ్చేవాడు. "అరె, కొత్త బండ్లన్నీ అంతే. కంప్యూటరు తగిలించందే రోగమేందో చెప్పవు. సారు కారు చూడు బేటీ, దాని దగ్గులోనే అంతా ఉంటాది." అని బానెట్ ఎత్తి, కళ్లు మూసుకుని, ఇంజను దగ్గర చెవి పెట్టేవాడు. వాదన అక్కడికి ఆగిపోయేది. చాచా వింటా ఉంటే సారూ నాయనా గూడా నోరు మూసుకుని నిలబడేవాళ్లు. నాకు ఆ ముగ్గురిని చూస్తే ఎంత ముచ్చటో. మనుషుల గురించి గూడా ఎవరూ అంత ప్రేమగా మాట్లాడుకోగా నేను వినలా.

నాకు పద్దెనిమిది నిండగానే, కారు నేర్పిస్తానని సారే ముందుకొచ్చినాడు. నేర్పించినాడు గానీ, నేను స్టీరింగు పట్టుకున్నంతసేపూ ఆయన చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీదనే. "కారు మీద నమ్మకముంది తల్లీ, నీ మీదనే ఇంకా కుదర్లా" అన్నాడు. దాంతో నాయన పికప్పు ఎక్కించినాడు, అదీ పలకల లోడుతో. పలకలు నిలబెట్టి, మధ్యలో గడ్డి దోపి ఎంత బాగా సర్దినా, ఒక్క కుదుపుకు చీలిపోతాయి. వెనక గలగలమని సప్పుడైతే నాయన తిట్టేవాడు కాదు, గొంతు సవరించుకునేవాడు. ఆ ఖంగుమనే సప్పుడుకే సిగ్గుతో నా చెవులు కాలిపోయేవి. "బ్రేకును తొక్కగూడదమ్మా, అడగాల" అని చెప్పినాడు.

బయల్దేరే ముందు బండి చుట్టూ తిరిగి, పిడికిలితో టైర్లు గుద్ది, తాళ్లు లాగి చూడాల. నంద్యాల పోయే ఘాట్ రోడ్డులో అయితే, దిగే బండి ఆగి ఎక్కే బండికి దారివ్వాల. "లోడుతో ఎక్కేది ఆగితే మళ్లీ లేవడానికి ఎంత యాతన పడతాదో. మనకేముంది, దిగేవాళ్లం" అనేవాడు. ఎక్కే డ్రైవరు చెయ్యెత్తి పోతాడు. ఆ చెయ్యి కోసమే ఆగాలనిపించేది నాకు.

మొన్న చెన్నై పక్కన ఆ కంపెనీలో పరీక్ష, ఇంటర్వ్యూ అయినాక, చివర్న బండి తోలి చూపించమన్నారు. ఇది పోతే ఉద్యోగం పోయినట్టే. ఒంగోలులో బ్యాంకు కోచింగుకు మా అత్త అప్పటికే సీటు మాట్లాడి పెట్టింది. నాకిచ్చింది కొత్త పికప్పు, ఖాళీది. నేను అలవాటు చొప్పున చుట్టూ తిరిగి, టైర్లు గుద్ది, వెనక కొక్కేలు పట్టి లాగినా. వరసలో నిలబడ్డ మన తెలుగు పిల్లోడొకడు, "అక్కా, లోడే లేదు, తాళ్లు ఏడ లాగుతావు?" అన్నాడు. అందరూ నవ్వినారు.

వాళ్ల మైదానంలో కట్టిన ఎత్తు ఎక్కి దిగతా ఉంటే ఎదురుగా ఇంకో బండి ఎక్కతా వచ్చింది. నేను ఠక్కున పక్కకు తీసి ఆపినా. ఆ డ్రైవరుకు ఏమీ అర్థం గాక అతనూ ఆపినాడు. రెండు బండ్లు హాయిగా పొయ్యేంత రోడ్డది! ఇద్దరం, భోజనాల కాడ కొత్త వియ్యంకుల మాదిరి, ముందు మీరు పోండంటే మీరు పోండని చేతులు ఊపుకుంటా కూర్చున్నాం. పక్కన కూర్చున్న పెద్ద ఇంజనీరు టైం చూస్తన్నాడు.

"ఎందుకు ఆపినావమ్మా?" అన్నాడు, వచ్చీ రాని తెలుగులో. ఘాట్ సంగతి చెప్పినా. నవ్వలా. "సరే, ఈ బండి ఎట్లుంది?" అన్నాడు. కంగారులో, "దూడ లాగుంది సార్" అనేసినా. అయిపోయింది, కోచింగే నాకు అనుకున్నా.

ఆయన బండి ఆపించి, వెనక ఇసక మూటలు వేయించినాడు. "ఇప్పుడు తోలు" అన్నాడు. లోడు పడగానే ఆ బండి కుదురుకున్న తీరు ఏమని చెప్పను! చెప్పిన మాట విన్నది. పలకలే ఉన్నాయనుకుని దించినా, బ్రేకును అడిగినా. మొదటిసారి పైన హ్యాండిలు గట్టిగా పట్టుకుని కూర్చున్న ఆ ఇంజనీరు సారు, ఈసారి సగం దిగేసరికి చెయ్యి వదిలేసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ చెయ్యి తలుచుకుంటానే బస్సులో ఇంటికొచ్చినా. పొద్దున ఈ మెయిలు.

ఇంకా ఫోన్ చేయాల్సినోళ్లు చానామంది ఉన్నారు. చాచాకు, "కంప్యూటరు బండ్ల కాడికి పోతాన్నావా బేటీ" అని ముందు అలుగుతాడు, తర్వాత షెడ్డంతా స్వీట్లు పంచుతాడు. లెక్కల సారుకు, కార్ల టీము కాదు, పికప్పులని మెల్లగా చెప్పాల. ఇంటర్వ్యూకు బూట్లిచ్చిన యర్రగొండపాలెం స్నేహితురాలికి. కాలేజీలో వర్క్‌షాపు మేడంకు. అమ్మమ్మకు. చంద్రశేఖరపురం అత్తకు, ఆ కోచింగు సీటు ఇంకెవరికన్నా ఇప్పించమని. అందరికన్నా ముందు ఈమెకే చేస్తా.