మా బావ ఎంచుకున్న ఓడ

మా బావకు అరవై ఏళ్లు నిండబోతున్నప్పుడు ఓడ ఎక్కాలన్న కోరిక పుట్టింది. కోవిల్‌పట్టిలో ఆయనలాగే అగ్గిపెట్టెల కంపెనీ నడిపే ఒకాయన అంతకు ముందు ఏడాది ఓడలో సింగపూరు వైపు వెళ్లొచ్చి, కనిపించిన ప్రతివాడికీ ఫోన్‌లో ఫోటోలు చూపించాడు. ఆ రోజు నుంచి మా బావకు తిండి సయించలేదు. "వాడు పొయినప్పుడు నేను పోకూడదా?" అన్నాడు. సముద్రం గురించి ఆయన నోట నేను విన్న మొదటి మాట అదే.

నేను విరుదునగర్‌లో ఒక బడిలో ఇంగ్లీషు చెబుతాను. పెళ్లి చేసుకోలేదు. మా ఇళ్లలో ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా, మందుల చీటీ అయినా కరెంటు ఆఫీసు నోటీసు అయినా, చివరికి నా దగ్గరికే చేరుతుంది. ఓడ విషయమూ అలాగే చేరింది. ఒక శనివారం అక్కా బావా కోవిల్‌పట్టి నుంచి కారులో వచ్చి, నన్ను ఎక్కించుకొని, బజారులోని ట్రావెల్స్ ఆఫీసుకు తీసుకెళ్లారు. దాని కింద మిరపకాయల గోదాము ఉంది. మెట్లెక్కేసరికే ముగ్గురికీ దగ్గు పట్టుకుంది.

ఏజెంటు మాకు ఎదురుగా కూర్చుని, చూపుడువేలు నాలుక మీద తడుపుకుంటూ రంగుల పుస్తకం తిప్పాడు. ప్రతి పుట మూలా తడిసిపోతోంది. ఆ తడి మూలలనే మళ్లీ నా వైపు తిప్పి చదవమంటున్నాడు.

"ఈడి ఎంగిలి సూడు, పుస్తకమంతా పూస్తాండాడు," అన్నాడు బావ తెలుగులో, ఏజెంటు వైపే చూసి నవ్వుతూ.

తమిళనాడులో పుట్టి పెరిగిన మాకు ఇంట్లో తెలుగే గానీ, ఇల్లు దాటితే మేమంతా తమిళంలోకి మారిపోతాం. బయట తెలుగు వాడేది ఒక్క పనికే. ఎదుటి మనిషికి అర్థం కాకుండా, అతని ముందే అతన్ని ఏదైనా అనాలనుకున్నప్పుడు. ఈ అలవాటు మా బావకు ఎక్కువ. ఆ రోజు ఎంగిలి మాటలో మాత్రం నేనూ ఆయన పక్షమే.

ఏజెంటు రెండు ఓడలు చూపించాడు. రెండూ చెన్నైలో బయలుదేరి శ్రీలంక చుట్టి వచ్చేవే. ఒకటి ఊరంత ఓడ. పై అంతస్తులో నీళ్ల జారుడుబండ, జూదం గది, సినిమా హాలు, ఎక్కడ చూసినా బంగారు రంగు మెట్లు. రెండోది పాతది, చిన్నది. దాని పొడవునా కటకటాల వసారా ఉంది. అందులో గుడ్డ కుర్చీలు వేసి ఉన్నాయి. కుర్చీలో కూర్చుంటే నీళ్లు కాళ్ల కిందే ఉన్నట్టు కనిపిస్తుంది.

మా అక్క చిన్న ఓడ ఫోటో మీద వేలు పెట్టింది. మా ఊరు నల్లరేగడి మెట్ట. చిన్నప్పుడు ఎండాకాలంలో తాగే నీళ్లకు ఆమె బిందె పట్టుకొని నడిచిన దూరం నాకు తెలుసు. తూత్తుకుడి ఒడ్డున నిలబడి సముద్రం చూసిందే తప్ప, దాని మీదికి ఎప్పుడూ వెళ్లలేదు.

"ఇది బాగుండాది. నడి సముద్రం ఎట్లుంటాదో కూసోని సూడొచ్చు," అంది.

"ఇది మన టౌన్ బస్సు మాదిరి ఉండాది. దీని ముందర నిలబడి పోటో తీసుకొని ఎవురికి సూపించేది?" అన్నాడు బావ.

తరువాత ఆయన ఏజెంటును తిండి గురించి అడగడం మొదలుపెట్టాడు. రోజుకు ఎన్నిసార్లు పెడతారు? మధ్యలో ఆకలైతే ఇస్తారా? ఎంత కావాలన్నా పెట్టుకోవచ్చా? మిగిలింది గదికి తెచ్చుకోవచ్చా? గొంతు తగ్గించి మందు గురించి కూడా అడిగాడు. సముద్రం ఏ నెలలో శాంతంగా ఉంటుందని గానీ, అక్కకు వాంతులవుతాయేమో, మందులేమైనా తీసుకోవాలా అని గానీ అడగలేదు. నేను అడిగితే, "టీచరమ్మా, నువ్వు ఇంగ్లీసు మాత్రం సదువు సాలు," అన్నాడు.

పెద్ద ఓడే ఖాయమైంది. గది మాత్రం లోపలిది, నాలుగు వైపులా గోడలే ఉన్నది, తీసుకున్నాడు.

"జన్నలు లేదా?" అంది అక్క. కిటికీని మా ఇళ్లలో జన్నలు అనే అంటాం.

"పండుకునేదానికి జన్నలేంటికి? కండ్లు మూసుకుంటే అన్నీ సీకటే గదా."

ఓడలో ఇంగ్లీషు మాట్లాడటానికి నన్నూ రమ్మన్నారు కాబట్టి, నేను నా జీతంతో నాకు వేరే, కిటికీ ఉన్న గది చెప్పుకున్నాను. అక్క ముక్కు మీద చెమట తుడుచుకుంది.

ఆ తరువాత రేవులో దిగినప్పుడు చేసే టూర్లు. ఒక్కొక్క రేవులో ఒక్కొక్కటి ఎంచుకోవాలి. పడవలో వెళ్లి తిమింగలాలు చూడటం ఒకటి. కొండ మీద సముద్రాన్ని చూస్తూ ఉండే గుడి ఇంకొకటి. ఏనుగులకు స్నానం చేయించడం మరొకటి. అక్క పడవ వైపు చూస్తోంది. ఏజెంటు వేలు తడుపుకొని ఇంకో పుట తిప్పాడు. "అందరికీ నచ్చేది ఇది సార్," అన్నాడు తమిళంలో.

పుట నిండా ఒక ముసలమ్మ ముఖం. నుదుటికి అడ్డంగా పట్టీ, వీపు మీద గంప, నవ్వుతున్న నోట్లో రెండు మూడు పళ్లు. కింద ఇంగ్లీషులో ఉన్నది నేను చదివి చెప్పాను. తేయాకు తోట మనుషులతో ఒక పూట. వాళ్లలాగే తలకు గుడ్డ చుట్టుకోండి, వాళ్ల గంప తగిలించుకోండి, వాళ్లతో ఆకు కోయండి, వాళ్లుండే గదిలో కూర్చుని టీ తాగండి. ఫోటోలు ఉచితం.

మా అవ్వ చెప్పేది, వానలు లేని ఏళ్లలో మా ఊరి బయటి వీధిలో ఇళ్లకు ఇళ్లే ఖాళీ అయ్యేవని. తూత్తుకుడి దాకా నడిచి, అక్కడ ఓడ ఎక్కి, శ్రీలంక కొండల్లో తోటపనికి పోయేవాళ్లట. తిరిగి వచ్చినవాళ్లను తాను చూడలేదనేది.

"బావా, వాళ్ళు మన పక్కనుంచి కరువుకి పొయినోళ్ళు. వాళ్ళ గంప తగిలించుకోని మనం ఆట ఆడేది ఏంటికి? అక్క పడవ అడగతాంది గదా, పడవకే పోదాము," అన్నాను.

"తిమింగలం కనిపించినా కనిపించకపోయినా దుడ్డు తీసుకుంటారు. ఈళ్ళు యాడికి పోతారు? కచ్చితంగా ఉంటారు," అన్నాడు ఆయన.

ఏజెంటు ఆ టూరు పక్కన టిక్కు పెట్టాడు.

ఓడ గురించి నాకు ఎక్కువగా గుర్తున్నది వాసన. భోజనాల హాల్లో పొద్దున్నుంచీ నెయ్యి, చేపలు, పెర్ఫ్యూమ్ కలిసిన ఒక వెచ్చటి కంపు కదలకుండా ఉండేది. జనం పళ్లేల మీద కొండల్లా పెట్టుకొని, కొరికి చూసి, నచ్చకపోతే పక్కకు తోసేవారు. ఒకాయన కేకు తినే చెంచాతోనే అందరి పాయసం గిన్నెనూ కలిపి, నాకి, మళ్లీ అందులోనే పెట్టాడు. మా బావ రొయ్యల పొట్టు బల్ల మీదే కుప్పపోసి, పళ్లు కుట్టుకున్న పుల్లను ఆ కుప్పలో గుచ్చేవాడు. ఈత కొలనులో మగవాళ్లు మందు గ్లాసులతో దిగి, అందులోనే పుక్కిలించి ఉమిసేవారు. రెండో రోజు నుంచి నేను పెరుగన్నం, అరటిపండు తప్ప ఏమీ ముట్టలేకపోయాను. అక్క పగలంతా నా గదిలో కిటికీ దగ్గర కూర్చుని నీళ్లు చూసేది. ఆ సమయంలో మాత్రం నాకు ఆ ప్రయాణం బాగానే అనిపించేది.

శ్రీలంకలో దిగిన రోజున బస్సులో మమ్మల్ని కొండ ఎక్కించారు. తోట దగ్గర ఒక చదునైన చోట ఐదారుగురు ఆడవాళ్లను వరసగా నిలబెట్టి ఉన్నారు. గైడు కుర్రవాడు తమిళంలో, ఇంగ్లీషులో హుషారుగా మాట్లాడుతూ ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క మనిషిని అప్పగించాడు. మాకు వచ్చినామె అక్క కంటే కొంచెం పెద్దది. సన్నటి మనిషి, చేతివేళ్లు ఆకుపాలతో నల్లగా ఉన్నాయి. ఆమె గైడు ఇచ్చిన గుడ్డ బావ తలకు చుట్టి, తన గంప తీసి ఆయన వీపుకు తగిలించి, నుదుటి మీద పట్టీ సరిచేసింది. గైడు ఫోటో తీశాడు. బావ పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

ఫోటో అయిపోగానే ఆయన ముక్కు మూసుకొని, మాతో తెలుగులో అన్నాడు, "ఏమి కంపురా సామీ! ఈ ముండ నీళ్ళు పోసుకోని ఎన్నాళ్ళయిందో. పక్కన నిలబడలేక సస్తి."

నేను నోరు తెరిచేలోపే ఆమె మాట్లాడింది.

"ఆకు కంపు అయ్యా. నీళ్ళు పోసుకున్నా పోదు," అంది తెలుగులోనే. "గంప ఇచ్చేయి. నాకి పని ఉండాది."

ఆమె మాటలో కోపం లేదు. మా అవ్వ మాట్లాడినట్టే ఉంది ఆ మాట, అదే సాగదీత, అదే యాస. అక్క చెయ్యి నా చేతిని పట్టుకుంది. బావ ఒక్క క్షణం తెల్లబోయాడు. తరువాత సిగ్గుపడతాడనుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"అరె, మన బాస! ఏ ఊరు మీది?"

"మా తాత ఒట్టపిడారం పక్కన అనేవాడు. ఊరి పేరు మాకి తెలవదు."

"మా పక్కనే గదా! ఊరి లోపలా, బయటి వీదా?"

మా వైపు ఆ ప్రశ్నకు ఒకటే అర్థం. కులం పేరు పలకకుండా కులం అడగడం. సముద్రం దాటి, కొండ ఎక్కి, ఆమె గంప వీపున మోస్తూ ఆయన అడిగిన రెండో మాట అది.

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. "ఇంకా అదే అడగతాండారా ఆడ?" అంది.

జవాబు ఆయనకు అందింది. గంప దించేశాడు. తలగుడ్డ విప్పి రెండు వేళ్లతో పట్టుకొని గైడుకిచ్చాడు. నీళ్ల సీసా మూత తీసి అక్కడే, ఆమె ముందే, నుదురూ చేతులూ కడుక్కున్నాడు. కంపు అన్నప్పుడు కడుక్కోలేదు. ఆ జవాబు విన్నాక కడుక్కున్నాడు. నాకు నోట్లో చేదు ఊరింది. పక్కకు వెళ్లి టీ చెట్ల మధ్య ఉమ్మేశాను.

తరువాత టీ తాగడానికి లయం అనే వరసగదుల్లోకి పిలిచారు. బావ బస్సులో కూర్చుంటానన్నాడు. "మీరిద్దురూ దాండి," అని మమ్మల్నీ పిలిచాడు. అక్క వినిపించుకోనట్టు ఆ తోటమనిషి వెనకే గదిలోకి వెళ్లి కింద కూర్చుంది. నేనూ వెళ్లాను. ఆ గదిలో ఒక మంచం, ఒక పొయ్యి, గోడకు వేలాడే బట్టలు. అంత ఇరుకు గదిని రోజుకో గుంపు చూసిపోతోంది. ఆమె గ్లాసుల్లో టీ పోసింది.

"ఆయన మాటకి మనసులో ఏమీ పెట్టుకోవద్దక్కా," అంది మా అక్క.

"దినమూ వస్తారు, దినమూ ఏమో అంటారు. ఏ బాసలో అంటే ఏమి," అంది ఆమె. "మీ మాట బాగుండాది. మా అమ్మ పొయినాక ఈ మాట ఇంట్లా ఎవురూ మాట్లాడరు. పిల్లకాయలకి తమిళం, సింహళం."

అక్క ఆమెను చెట్ల పేర్లు, వంటల పేర్లు అడిగింది. సజ్జ కూడు, పుంటికూర అంటుంటే ఇద్దరూ చిన్నగా నవ్వుకున్నారు. బస్సు హారన్ మోగింది. బావ డ్రైవరు దగ్గరికి పోయి తానే నొక్కుతున్నాడని తరువాత తెలిసింది.

ఆ సాయంత్రం ఓడలో, చెన్నై నుంచి వచ్చిన రెండు కుటుంబాలతో బల్ల దగ్గర, బావ జరిగిందంతా తమిళంలో చెప్పాడు. తాను అన్న మాట చెప్పలేదు. "తోటలో మా భాష మాట్లాడే కూలిది దొరికింది, కానీ మా మనిషి కాదులెండి," అన్నాడు. వాళ్లు తల ఊపారు, అర్థమైందన్నట్టు. ఆయన కోడి కాలు చీకుతూ నవ్వాడు. అక్క పళ్లెం వదిలేసి లేచింది.

తిరిగి వచ్చిన తరువాత షష్టిపూర్తి. కోవిల్‌పట్టిలో కల్యాణమండపం ముందు నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించాడు. దాని మీద బావ, గంపతో, పట్టీతో, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ, వెనక పచ్చటి కొండలు. పక్కనున్న ఆమెను ఫోటోలోంచి కోసేశారు. కానీ పట్టీ సరిచేస్తున్న చెయ్యి పోలేదు. బావ కణత దగ్గర మణికట్టు దాకా ఒక నల్లటి చెయ్యి గాలిలో ఉంది.

పట్టుచీరతో కారు దిగిన అక్క దాని ముందు నిలబడిపోయింది. లోపల పురోహితుడు పిలుస్తున్నాడు.

"దీన్ని దించమనండి," అంది బావతో.

"ఏమాయె నీకి? అందురూ సూస్తాండారు, లోపలికి నడు."

"ఆమె మొకం కోసేసి, చెయ్యి మాత్రం పెట్టుకున్నారు. దీని కింద నడిచి నేను లోపలికి రాను. పీట మీద కూసోను."

మా అక్క పెళ్లయినప్పటి నుంచీ ఆయన మాటకు ఎదురు చెప్పడం నేను వినలేదు. బావ నా వైపు చూశాడు, నేనే నేర్పించానన్నట్టు. నేను ఆయన కళ్లలోకే చూశాను. బంధువులు గుమిగూడుతున్నారు. చివరికి ఆయనే పందిరి వేసినవాళ్లను పిలిచి తాళ్లు విప్పించాడు. అక్క లోపలికి వెళ్లి పీట మీద కూర్చుంది. మళ్లీ తాళి కట్టేటప్పుడు ఆమె తల వంచింది గానీ ముఖంలో ఏ కళా లేదు. భోజనాల దగ్గర ఫ్లెక్సీ ఏమైందని అడిగినవాళ్లతో బావ, "గాలికి చినిగిపొయింది," అన్నాడు.

ఆ భోజనాల దగ్గరే నా ఆకు పక్కన నిలబడి, చేతికంటిన పాయసం నాక్కుంటూ అన్నాడు: "టీచరమ్మా, వచ్చే యేడు ఆఫ్రికా పక్క పొయ్యే ఓడ ఉండాదంట. ఆడి మనుసులు ఇంకా వేడుకగా ఉంటారంట. శనివారం ఏజెంటు కాడికి పోదాము, నువ్వు సదివి సెప్పు."

"నేను రాను బావా. అక్కా రాదు," అన్నాను.

ఎదురు వరసలో అక్క తలెత్తి ఆయన్ని చూసి, "రాను," అంది. అని, చారు పోయమని వడ్డించేవాడిని పిలిచింది.

ఏజెంటు ఇప్పటికీ అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తాడు, కొత్త ఓడలు వచ్చాయి మేడమ్ అంటూ. నేను తీయను. బావ ఆఫ్రికాకు ఆ ఇంకో అగ్గిపెట్టెల కంపెనీ ఆయనతో కలిసి వెళ్లాడు. తెచ్చిన ఫోటోలు చూడటానికి నన్ను రమ్మని రెండుసార్లు కబురు పెట్టాడు. పోలేదు.