పిట్ట ముట్టిన నీళ్లు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఉంటే నర్సు ఉద్యోగం అన్నేళ్లు చేసేదాన్నే కాదు. పక్క మంచం మీద శవం ఉండగా ఉప్మా తిన్న రోజులున్నాయి. ఇది చదివి నన్నెవరైనా తాయెత్తు కట్టించుకోమంటే వాళ్లకో దండం.

కడపలో ఆసుపత్రి పని మానేశాక ఒక యూనివర్సిటీ పరిశోధనలో చేరాను. మంగంపేట వైపు ముగ్గురాయి గనుల్లో పనిచేసి, ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు పాడైన ముసలివాళ్ల మీద పరిశోధన అది. వైద్యం వాళ్లకు రోగి ఊపిరి లెక్క కావాలి. సామాజిక సేవ వాళ్లకు అతన్ని ఎవరు చూసుకుంటున్నారో కావాలి. తెలుగు శాఖ వాళ్లకు అతని కథలూ ఆచారాలూ కావాలి. ఉన్నది ఒక్క మనిషి, పంచుకునేవాళ్లు ముగ్గురు.

రోగితో ఒంటరిగా కూర్చుని మాట్లాడించడం నా పని. ఇంట్లోవాళ్లు బయటే ఉండాలి. లోపల విన్న మాట వాళ్లకు చెప్పకూడదు, రోగి పోయినా సరే. మా పరిశోధనకు అది గట్టి రూలు.

ఓబులేసు అలా పరిచయమయ్యాడు. మంచం దిగలేడు. కొడుకు లారీ డ్రైవరు, ఇంటిపట్టున ఉండడు. చూసుకునేది కోడలు రమణమ్మ ఒక్కతే. ఆయన పెదాలు పగిలి నెత్తురు గడ్డకట్టి ఉండేవి. పొద్దున ఒక్క గ్లాసు నీళ్లు తాగించి ఆమె రాళ్లేరే కూలికి పోతుంది. మళ్లీ నీళ్లు పొద్దుగూకినాకే.

ఒళ్లు మండి ఆమెనే అడిగాను.

"తాగినాడంటే పక్కంతా తడుపుతాడు. కొళాయి దినం మార్చి దినం వస్తాది. నువ్వొచ్చి ఉతుకుతావా అక్కా?" అంది.

ప్రొఫెసరుకు చెబితే, మనం చూసి రాసుకునేవాళ్లమే, జోక్యం చేసుకుంటే పరిశోధన పాడవుతుందన్నాడు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. వాళ్లింటికి పోయినప్పుడల్లా నా సీసాలో నీళ్లు ఆయనకు తాగించేదాన్ని. ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే మనిషి పోసే నీళ్లు ఏ మూలకు?

ఆఖరిసారి కలిసినప్పుడు, నేనేమీ అడక్కుండానే ఆయన అన్నాడు.

"నా కోడల్ని నేను తిట్టను తల్లీ. నా మూడోనాడు పిట్ట కూడు ముట్టదు, నీళ్లే తాగుతాది. ఆ పొద్దు నుంచి కోడలి గొంతులో నీళ్లు దిగవు."

రేపు సంత ఉందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఈ మాట ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. రమణమ్మ అప్పుడు పనిలో ఉంది.

కొన్నాళ్లకే ఆయన పోయాడు. మూడోనాడు నన్నూ రమ్మన్నారు. మా వైపు ఆ రోజు సమాధి దగ్గర, పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఆకులో పెడతారు. కాకి వచ్చి ముట్టాలి, పిట్ట ముట్టడమంటే అదే. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. అప్పుడు ఒక్కొక్కరే ముందుకొచ్చి పోయినవాళ్లకు మాటిస్తారు.

మాంసం, వడలు, బీడీలు, సారాయి, అన్నీ పెట్టారు. కాకులు తుమ్మచెట్టు దిగలేదు. కొడుకు మాటిచ్చాడు. దిగలేదు. పెద్దలు రమణమ్మను ముందుకు తోశారు. "మామా, తప్పైంటే మన్నించు" అని ఆమె చెంబులో నీళ్లు ముంతలో పోసి పక్కకు జరిగింది.

ఒక కాకి దిగింది. ముంతలో ముక్కు ముంచి తాగింది. మాంసం వైపు చూడనైనా చూడలేదు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నాకు మాత్రం ఓబులేసు మాట గుర్తొచ్చింది. ఎండాకాలం, కాకికీ దప్పికే కదా అని సర్ది చెప్పుకున్నాను.

ఇంటికి వచ్చాక రమణమ్మ నా ఎదుటే చెంబెత్తింది. నీళ్లు ముక్కులోంచి వచ్చేశాయి. మళ్లీ తాగింది. మళ్లీ అంతే.

పిచ్చికుక్క కరిచిందేమోనని ముందు భయపడ్డాను. అదైతే రోజుల్లోనే ప్రాణం పోతుంది. ఈమె బతికే ఉంది. కర్నూలుకు తీసుకుపోయి గొంతులోకి గొట్టం వేసి చూపించారు. ఏ లోపమూ లేదు. సంగటి ముద్ద దిగుతుంది, నీళ్లు దిగవు. సెలైను ఎక్కించుకుంటూ బతుకుతోంది.

మనసులో తప్పు చేశానన్న బాధే గొంతు పట్టేసిందన్నారు డాక్టర్లు. నేనూ ఆ మాటే గట్టిగా పట్టుకున్నాను. అలాంటి రోగుల్ని చూసినదాన్ని. బాధ పోతే రోగమూ పోవాలి కదా.

పోయిన నెల చూడబోతే, రమణమ్మ పెదాలు పగిలి నెత్తురు గడ్డకట్టి ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుంది.

"ఆఖర్న మా మామతో మాట్లాడింది నువ్వే అక్కా. నన్ను మన్నించినాడా?"

రూలు ప్రకారం నోరు విప్పకూడదు. విప్పాను.

"మన్నించాడు రమణమ్మా. నా కోడలు శానా మంచిది, దాన్నేమీ అనద్దండి అన్నాడు."

ఆమె భోరుమని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. నేనే గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చాను. నమ్మకంగా, పెద్ద గుటక వేసింది.

నీళ్లు ముక్కులోంచి వచ్చేశాయి.

ఉక్కిరిబిక్కిరి తగ్గేదాకా వీపు నిమిరాను. కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు చూసింది.

"అబద్ధం సెప్పినావు కదక్కా" అంది.

బాధే రోగమైతే, ఆ ఒక్క గుటకైనా దిగి ఉండాలి. ఎందుకు దిగలేదో నర్సుగా నాకు తెలియదు, మనిషిగానూ తెలియదు. ఆమె మళ్లీ రమ్మని కబురు పెట్టింది. నేనింకా పోలేదు.