అరికాలి చుక్క

డిగ్రీ చదివానని నోరు జారి చెప్పడం నాదే బుద్ధితక్కువ. లేకపోతే మధ్యాహ్నం గిన్నెలు తోమాక ఓ కునుకు తీసేదాన్ని. ఆ కాస్త వేళనూ కంప్యూటరు మింగేసింది.

నేను పనిచేసేది కువైట్‌లో, ఎగైలాలోని ఓ ఇంట్లో. ఇంటావిడను ఇక్కడ మామా అంటాం. ఆవిడ తల్లిని చూసుకోవడం నా పని. ఆమెను నేను పెద్దమామా అని పిలుస్తాను. పేరుకు కువైటీయే కానీ పుట్టుకతో పోలండ్ మనిషి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇల్లూవాకిలీ పోగొట్టుకున్న పోలండ్ వాళ్ళు కొందరు ఇరాన్ మీదుగా మన దేశం చేరారట. వాళ్ళకోసం కొల్హాపూర్ దగ్గర కట్టిన శిబిరంలో ఈమె పుట్టింది. ఆమెకు ఐదేళ్ళప్పుడు ఇంటిల్లిపాదీ ఇంగ్లండ్ వెళ్ళిపోయారు. అక్కడ నర్సుగా ఉంటూ, చదువుకోవడానికి వచ్చిన కువైట్ అబ్బాయిని పెళ్ళి చేసుకుని ఇక్కడికొచ్చి పడింది. ఇప్పుడు మతి తప్పింది. ఇంగ్లీషు పోయింది, అరబ్బీ పోయింది. మిగిలింది పోలిష్ ఒక్కటే. అది ఇంట్లో ఎవరికీ రాదు.

ఆమెకు స్నానం చేయించడమంటే నాకు గుండెదడ. నీళ్ళు పోస్తున్నంతసేపూ బాగానే ఉండేది. ఒళ్ళు తుడిచి, గౌను తొడిగి మంచం మీద కూర్చోబెట్టగానే కుడికాలు ఎత్తి నా మొహం మీదికి చాపేది. ఒకసారి దవడకు తగిలి రెండు రోజులు అన్నం నమలలేకపోయాను. కాలు పట్టి కిందికి దించితే కేకలు, ఏడుపు, రక్కడం. డాక్టరు స్నానానికి ముందు వేయమని మత్తుమాత్ర రాశాడు. అది వేస్తే సాయంత్రం దాకా మొద్దులా పడుండేది. అన్నం నోట్లో పెడితే నోట్లోనే ఉండేది. మనిషి రోజురోజుకీ కరిగిపోతోంది. ఆ మాత్ర ఆమెను తినేస్తోందని మామాకూ తెలుసు, నాకూ తెలుసు. మాన్పించే దారే ఇద్దరికీ తెలియలేదు.

అప్పుడు మామాకు ఓ ఆలోచన వచ్చింది. పోలండ్‌లో చుట్టాలెవరైనా దొరికితే వీడియోలో మాట్లాడిద్దాం, సొంత భాష చెవిన పడితే శాంతిస్తుందేమో అని. వెతికే పని నాకు అప్పజెప్పింది.

"అమ్మ పుట్టింది మీ ఇండియాలోనే కదా, నీకైతే తెలుస్తుంది" అంది, కొల్హాపూర్ మా రాయచోటికి పక్కవీధి అయినట్టు.

ఇంటిపేర్లు వెతికాను. ఒక్కో పేరుకూ నోరు తిరగని అక్షరాలు. పోలండ్‌లో ఆ పేరున్న వాళ్ళకు మెయిళ్ళు పెట్టాను. ఒకాయన మాత్రం తాను వేరే వంశమని మర్యాదగా రాశాడు. అంతే. కళ్ళు మండేవి, నడుము పట్టేసేది. ఇదంతా దండగమారి పని అని లోపల తిట్టుకుంటూనే కూర్చునేదాన్ని.

అలా చుట్టాల కోసం తవ్వుతుంటే, ఆ శిబిరంలో పెరిగిన వాళ్ళెవరో పెట్టిన పాత ఫొటోలు తగిలాయి. పోలండ్ దారి వదిలేసి వాటి వెంట పడ్డాను. నిజం చెప్పొద్దూ, ఆ ఇంటిపేర్ల కంటే చీరలు కట్టిన మనుషులు కనిపిస్తే ప్రాణం లేచొచ్చింది. ఒక ఫొటోలో అరుగు మీద కాళ్ళు బారజాపి కూర్చున్న ఆడమనిషి ఉంది. కచ్చపోసి కట్టిన చీర, నుదుట పెద్ద బొట్టు. ఒళ్ళో తడిజుట్టు తెల్లపిల్ల. పిల్ల కుడికాలు ఎత్తి ఆమె మొహానికి ఎదురుగా పెట్టింది. ఆమె ఆ అరికాలికి వేలితో కాటుక చుక్క పెడుతోంది.

నా చేయి దవడ మీదికి పోయింది. వెంటనే మా అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, నీళ్ళు పోసినాక నాకు యాడ పెడ్తాంటివే దిష్టిచుక్క?"

"అరికాల్లోనే గదమ్మే. రోంత ఆలీసమైతే నువ్వే కాలు సాపి నా మూతికాడ పెడ్తాంటివి. పెట్టేదాంకా ఒగటే ఏడుపు. ఏమిటికి ఇప్పుడు?"

"ఏంలే. మళ్ళా చేస్తా."

మర్నాడు మాత్ర వేయలేదు. మామాకు ఆ ఫొటో చూపించి, సంగతి చెప్పి, గుమ్మంలో నిలబడి చూడమన్నాను. నీళ్ళు పోశాను, తుడిచాను, మంచం మీద కూర్చోబెట్టాను. కాలు లేచింది. ఈసారి నేను వెనక్కి జరగలేదు. నా కాటుక డబ్బీ తీసి, ముడతలు పడ్డ ఆ అరికాలి మధ్య చుక్క పెట్టాను. పెద్దమామా కాలు తనే దించుకుంది. కేక లేదు, ఏడుపు లేదు. దువ్వెన తీసి నా చేతికిచ్చింది.

మామా గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. తన్నుతోందని తల్లికి ఇన్నాళ్ళు మత్తు పెట్టించానే అని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. అలసట మాత్రం వచ్చింది, ఎక్కడైనా ఒరిగిపోవాలన్నంత.

మాత్ర మానేశాం. పెద్దమామా మళ్ళీ అన్నం తింటోంది. చుట్టాల సంగతి ఖలాస్ అంది మామా. దానికి బదులు ఇంకో పని పెట్టింది, ఫొటోలోని ఆడమనిషి ఎవరో కనుక్కోమని. ఆ మనిషే అమ్మను పెంచిందో, అలాంటి ఇంకెవరో తెలియదు. ఎవరైనా సరే, వాళ్ళ పిల్లలకు కృతజ్ఞతగా నాలుగు మాటలు చెప్పుకోవాలంది. మళ్ళీ కూర్చున్నాను. ఫొటో కింద తెల్లపిల్ల పేరుంది, అది పెద్దమామాది కాదు. వెనక నిలబడ్డ పోలండ్ టీచరు పేరుంది. ఆ మనిషికి మాత్రం 'ఆయా' అని రాసి ఊరుకున్నారు. ఎక్కడ వెతకను?

ఆ మాటే మామాకు చెప్పాను. ఆవిడ ఫొటోను తెర మీద పెద్దది చేసింది.

"ఈమె రోజంతా మా అమ్మలాంటి పిల్లల దగ్గరే ఉంటే, ఈమె పిల్లలకు ఎవరు స్నానం చేయించేవాళ్ళు?" అంది.

"ఎవరో ఒకరు పోసుంటారు మామా. మా పాపకు మా అమ్మ పోస్తోంది" అన్నాను. ఎత్తిపొడవాలని కాదు. ఒళ్ళు అలిసిపోయి ఉన్నప్పుడు మాట వడపోసే ఓపిక ఉండదు.

మామా కంప్యూటరు మూసేసింది. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నీ పాప పేరేంటి?"

ఈ ఇంట్లో చేరిన ఇన్నేళ్ళలో ఆ మాట అడగడం అదే మొదలు. చెప్పాను. రెండుసార్లు తప్పు పలికింది. మూడోసారి సరిగ్గా పలికేసరికి, ఆ పేరు ఈ గోడల మధ్య నేను కూడా ఎప్పుడూ పైకి అనలేదని తెలిసింది.