నాయన బరువు

మా నాయనను ఇద్దరు మనుషులు కలిసి ఎత్తడానికి వీల్లేదు. పక్షవాతంతో కుడి పక్క పడిపోయి మంచం పట్టిన మొదటి వారంలోనే ఆ సంగతి తేల్చి చెప్పాడు. మాట ముద్దగా వచ్చినా కోపం మాత్రం స్పష్టంగానే వచ్చింది.

"పీనిగనురా ఇద్దురు ముగ్గురు చేరి ఎత్తేది. నేనింకా సావలే. చేతనైతే నువ్వొకడే ఎత్తు. కాకుంటే ఈడే పడుండనీ."

మంకుతనమే. కాని దానికొక కారణం ఉంది. విళాత్తికుళం వైపు మా నల్లరేగడి ఊళ్ళో ఒక నున్నటి గుండ్రాయి ఉండేది. ఉత్తి గుండు అనేవాళ్ళం. వయసుకొచ్చిన మగవాళ్ళు దాన్ని మోకాలికి, రొమ్ముకు, చివరికి భుజం మీదికి ఎత్తి వెనక్కి పడేయాలి. నాయన తన కాలంలో దాన్ని భుజాన పెట్టుకుని ఊరివాళ్ళతో కబుర్లు చెప్పిన మనిషి. నేను దాన్ని జానెడు కూడా లేపలేదు. చదువు అడ్డం పెట్టుకుని తప్పించుకున్నాను. ఆ చదువే నన్ను కోవిల్‌పట్టిలో ఒక పత్తి కంపెనీలో గుమాస్తాగా కూర్చోబెట్టింది. కూర్చోబెట్టిందన్న మాట అక్షరాలా నిజం. పొద్దున ఎనిమిదికి బల్ల ముందు కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు లేచేవాణ్ణి. ముప్పై రెండేళ్ళకే నడుం పట్టేసేది. మేడమెట్లు ఎక్కితే ఆయాసం.

అలాంటి నేను, కోవిల్‌పట్టిలో మా ఇంటికి తెచ్చుకున్న నాయనను రోజుకు మూడుసార్లు ఎత్తాలి. తెల్లవారగానే మంచం మీంచి పెరట్లోకి, స్నానమయ్యాక వీధి అరుగు మీదికి, సాయంత్రం మళ్ళీ లోపలికి. అరుగు మీద ఆనుకుని కూర్చుని వచ్చేపోయే పత్తిబండ్లను చూడడమొక్కటే నాయనకు మిగిలిన లోకం.

పది రోజులైనా గడవలేదు. గడప దాటుతుండగా నా మోకాళ్ళు వణికాయి. నాయన భుజం ద్వారబంధానికి కొట్టుకుంది, ఇద్దరం కింద పడ్డాం. నా భార్య పరిగెత్తుకొచ్చింది. నాయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"నీకు బరువైపోతిన్రా" అన్నాడంతే.

ఆ తర్వాత రెండు నెలలు నేను గర్వంతో గడిపాను. వారం వారం నాయనను ఎత్తడం సులువవుతూ వచ్చింది. గడప దగ్గర మోకాళ్ళు వణకడం మానేశాయి. కంపెనీలో చొక్కా చేతులు మడిచి, కసరత్తంటే ఇదీ అని తోటి గుమాస్తాల ముందు కోతలు కోశాను. ఆలస్యంగానైనా వంశం రక్తం మేలుకుందనుకున్నాను. నన్ను మోసం చేయడానికి వేరే ఎవరూ అక్కర్లేదు.

ఒక రాత్రి నా భార్య నాయన ముందు నుంచి తీసిన సజ్జ సంగటి పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. ముద్ద ముద్దలాగే ఉంది.

"ఇది చూడండి. మామ రేయికి కూడే ముట్టేది లేదు. పొద్దున రెండు పిడచలు, అంతే. అడిగితే ఏమంటాడు తెలుసునా? నేను తినేదంతా వాడు కదా మోయాల అంటాడు. మీకు బలం వచ్చిందనుకొంటా ఉండారే, మామ కరిగిపోతా ఉండాడు."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. నాయన ఒంట్లోంచి రోజూ పోతున్నదాన్ని నా కండబలంగా లెక్కేసుకుని ఊళ్ళో చాటుకున్నాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

నాకు సిగ్గేస్తే అది కోపంగా మారుతుంది. నేరుగా నాయన దగ్గరికెళ్ళి, నువ్వు తినకపోతే నేనూ తినను అని అరిచాను. నాయనకు నవ్వొచ్చింది. ఎడమ పక్క పెదవి ఒక్కటే నవ్వింది.

"ఇద్దురూ సన్నగిల్లితే ఎత్తేదెవుడురా?"

మర్నాడు మా కంపెనీ మిల్లు నుంచి గోతంలో ఇరవై వీశెల పత్తిగింజలు మోయించుకొచ్చి నాయన మంచం ఎదుట వేశాను. వారానికి రెండు వీశెలు కలుపుతూ పోతాను, నేను ఎత్తిన కొద్దీ నువ్వు తిండి పెంచాలి అన్నాను. నాయన గోతాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఆరంభశూరుణ్ణని ఆయనకు తెలియంది కాదు. చిన్నప్పుడు నాలుగు రోజులు సాము, నాలుగు రోజులు ఈత, ఏదీ ఐదో రోజు చూడలేదు. అయినా ఒప్పుకున్నాడు.

ఆ రోజు నుంచి మంచం మీది మనిషి నాకు గురువయ్యాడు. "నడుముతో కాదురా, తొడలతో ఎత్తు. రొమ్ముకు ఆనించుకో. ఊపిరి బిగించు, ఇప్పుడు లే." ముందు ఇరవై బస్కీలు, తర్వాత గోతం. ఒక్క రోజు ఒళ్ళు బాగాలేదంటే ఆయన ఒకే మాట అనేవాడు: "ఒగనాడు విడిస్తే గుండుకు తెలిసిపోతుంది." గోతంలోకి రెండు వీశెలు పడినప్పుడల్లా పళ్ళెంలోకి ఒక పిడచ ఎక్కువ పడేది. ముప్పై వీశెలయ్యేసరికి నాయన ముఖం మీద మళ్ళీ కండ కనిపించింది.

అప్పుడు పత్తి రోజులొచ్చాయి. గోడౌనులో సరుకు చూసుకోమని కంపెనీ నన్ను విరుదునగర్ పంపింది. రెండు వారాలే కదా అనుకున్నాను. అక్కడ పొద్దుటి నుంచి బేళ్ళ మధ్య నిలబడి ముక్కు నిండా పత్తిదూది పీల్చి, బసకు చేరితే కాళ్ళు చాపుకోవడమే. బస్కీ తీయలేదు. తీరిక లేదన్నాను. నిజం చెప్పాలంటే తీరిక ఉంది, నాయన కళ్ళు లేవు.

తిరిగొచ్చేసరికి అరుగు ఖాళీగా ఉంది. నేను వెళ్ళిన రోజు నుంచి ఆయన మంచం దిగలేదు. పక్కవీధి బంధువులు వచ్చి ఇద్దరం ఎత్తుతామంటే గోడవైపు తిరిగి పడుకున్నాడట. వీపు మీద పుండు పడింది. నేరుగా గోతం దగ్గరికెళ్ళాను. ముప్పై వీశెలు నేల నుంచి లేవలేదు. మళ్ళీ ప్రయత్నించాను, లేవలేదు. నాయన చూస్తూనే ఉన్నాడు. ఆ పూట పళ్ళెంలో సగం ముద్ద వదిలేశాడు. ఆ సగం ముద్ద చూసి పెరట్లోకెళ్ళి చిన్నపిల్లవాడిలా ఏడ్చాను.

విరుదునగర్ పని ఇంకా తీరలేదు. మర్నాడు కంపెనీ దొరను అడిగాను, రోజూ రైల్లో వెళ్ళొస్తానని. నీకు పిచ్చా అన్నాడు. పిచ్చే అన్నాను. ఆ పత్తి రోజులంతా నాలుగింటికి లేవడం, బస్కీలు, మళ్ళీ ఇరవై వీశెల నుంచి గోతం, తర్వాత నాయనను పెరట్లోకి, అరుగు మీదికి చేర్చి, ఆ తడి చేతులతోనే స్టేషనుకు పరుగు. విరుదునగర్ నుంచి చీకటి పడేలోగా వచ్చి ఆయనను లోపలికి తెచ్చుకోవడం. మొదటి నెల లేవలేక లేచాను. ఆ తర్వాత ఒళ్ళే లేపింది. జ్వరమొచ్చినా, చుట్టాలొచ్చినా, పండగొచ్చినా గోతం లేవని పొద్దు లేదు. గోతం నలభై వీశెలు దాటిన రోజున నాయన నా భార్యను పిలిచి, "ఇంకొంచెం పెట్టమ్మా" అన్నాడు. జబ్బు చేశాక ఆయన అడిగి పెట్టించుకున్న మొదటి ముద్ద అది.

ఆపైన నాలుగేళ్ళు బతికాడు. ఒక ఆదివారం పొద్దున పళ్ళెం ఖాళీ చేసి, అరుగు మీద కూర్చుని బండ్లను చూస్తూనే వెళ్ళిపోయాడు.

ఊరి నుంచి మనుషులొచ్చారు. స్నానం చేయించడానికి పెరట్లోకి తీసుకుపోవాలి. ఇద్దరు వంగారు, ఒకరు తలవైపు, ఒకరు కాళ్ళవైపు. ఆగమన్నాను.

"ఇంకేమిరా, ఇప్పుడు ఇద్దురెత్తితే తప్పు లేదులే" అన్నాడు మా పెదనాయన.

నేను మోకాళ్ళు వంచాను. రొమ్ముకు ఆనించుకుని ఊపిరి బిగించి లేచాను. గడప దగ్గర ఒక్క క్షణం నిలబడాల్సి వచ్చింది. బరువుగా ఉన్నాడు. కడుపునిండా తిన్న మనిషి బరువు అది. అంత బరువుగా ఉన్నందుకు నాకు సంతోషమేసింది.