మడమ కింద తడవని నేల

2022, వానాకాలం. తాడేపల్లిగూడెం శివారులో రెండు రైస్ మిల్లుల మధ్య ఇరుక్కున్నట్టుండే మా యూనిట్‌లో నేను క్వాలిటీ ఇన్‌చార్జిని. గాయాల మీద కట్టే డ్రెస్సింగ్‌లకు నాన్‌వోవెన్ ప్యాడ్ చేస్తాం. నాన్‌వోవెన్ అంటే నేయని గుడ్డ. కార్డింగ్ మెషీన్ పీచును దువ్వి పల్చటి పొరగా పరుస్తుంది. ఆ పొరలను నీడిల్ లూమ్‌లో వేల సూదులు పొడిచి పొడిచి ఒకదానితో ఒకటి పెనవేస్తాయి. దారం లేదు, నేత లేదు, గుడ్డ మాత్రం తయారు. ఇన్నేళ్లుగా చూస్తున్నా నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మా గొప్పంతా సింక్ టైమ్‌లో ఉండేది. తీగ బుట్టలో ప్యాడ్ పెట్టి నీళ్లలో వదిలితే ఎన్ని సెకన్లకు మునుగుతుందో చూసే పరీక్ష అది. పది సెకన్లు మాకు హద్దు. మాది మూడు సెకన్లకే మునిగేది. వచ్చినవాళ్లందరి చేతికీ స్టాప్‌వాచ్ ఇచ్చి మరీ చూపించేదాన్ని. గొప్పలు చెప్పుకోవడంలో నాకు మొహమాటం లేదు.

అలాంటి రోజుల్లో ఆకివీడులోని ఒక చిన్న ఆసుపత్రి నుంచి మేరీ సిస్టర్ ఫోన్ చేశారు. అక్కడ కట్లు కట్టడమంతా ఆవిడే.

"మేడమ్, మీ ప్యాడ్ బాగానే పీలుస్తుందండి. కానీ అడుగేస్తే చాలు, పీల్చిందంతా కక్కేస్తోందండి. ఒకసారి వచ్చి చూడకూడదాండీ?"

నాకు రోషం వచ్చింది. కట్టడం చేతకాలేదేమో అనుకుంటూ బుట్ట, స్టాప్‌వాచ్ సంచిలో వేసుకుని బస్సెక్కాను.

పేషెంటు వెంకన్న గారు యాభై దాటిన మనిషి, చేపల చెరువు కాపలాదారు. సుగర్ వల్ల మడమ మీద పుండు పడింది. కారే రసికి చుట్టూ చర్మం నానిపోయి పుండు పెద్దదవుతోంది. ఎముక దాకా పోతే పాదం తీసేయాలని డాక్టరుగారు చెప్పేశారట. ఆయన గుమ్మం నుంచి బల్ల దాకా నాలుగడుగులు వేశారు. పుండున్న కాలు ఆనిన రెండుచోట్లా నేల మీద తడి మరకలు పడ్డాయి. వంగి, భుజం మీది తువ్వాలుతో వాటిని తుడిచారు.

"సిగ్గేస్తోందండి. ఎవరింటికీ వెళ్లడం లేదండి" అన్నారు.

నేనేమో పట్టుదల కొద్దీ అక్కడే గిన్నెలో నీళ్లు పోయించి బుట్ట వదిలాను. మూడు సెకన్లు. ఆయన శ్రద్ధగా చూశారు.

"బాగా తాగిందండి. మరి ఆపుతుందాండీ?"

నేను బుట్ట పైకి తీశాను. ప్యాడ్ నుంచి నీళ్లు బొటబొటా కారాయి.

"చెరువు తవ్వేటప్పుడు ఇసుక తగిలిందంటే మాకు గుండె గుభేలండి. ఇసుక గబగబా తాగుద్ది, గబగబా వదిలేస్తది. నల్లమట్టి అలా కాదండి. నెమ్మదిగా తాగి ఉబ్బుద్ది. ఆపైన దానిమీద బండి తోలినా చుక్క వదలదు. మీది ఇసుక చెరువండి."

తిరుగు బస్సులో నేను సీట్లో కుదురుగా కూర్చోలేకపోయాను. నల్లమట్టిలాంటి పీచు మా గోడౌన్‌లోనే ఉంది. తడి తగలగానే ఉబ్బి, జిగురులా మారి, తడిని లోపలే పట్టి ఉంచుతుంది. జెల్లింగ్ ఫైబర్ అంటాం. దానితో సింక్ టైమ్ పెరుగుతుందని పక్కన పెట్టించింది ఎవరో కాదు, నేనే. సిగ్గు, సంతోషం రెండూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

మర్నాడే దాన్ని మధ్య పొరగా వేశాం. మెషీన్ రోలర్లకు బంకలా అంటుకుపోయింది.

"కొల్లేటి గాలినే తాగేస్తోందండి ఇది. ఇంక పుండు దాకా ఏం మిగులుద్ది?" అన్నాడు ఆపరేటర్ నాగేశ్వరరావు.

మెషీన్ చుట్టూ గది కట్టించి, గాలిలో తేమ లాగే డీహ్యూమిడిఫయర్ పెట్టాం. మూడో వారానికి పొర చిరగకుండా దిగింది. సింక్ టైమ్ తొమ్మిది సెకన్లు, అత్తెసరు మార్కులు. కానీ తడిపి ఎంత బరువు పెట్టినా చుక్క రాలేదు. నేను, నాగేశ్వరరావు చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా ఊపుకున్నాం.

స్టెరిలైజేషన్, మిగతా పరీక్షలు, అనుమతులు పూర్తయ్యేసరికి ఫిబ్రవరి వచ్చింది. అందాకా మేరీ సిస్టర్ రోజుకు మూడుసార్లు కట్టు మార్చి ఆ పాదాన్ని కాపాడారు. కొత్త ప్యాడ్ కట్టిన మర్నాడు ఆవిడ ఫోన్లో ఒక్క మాటే చెప్పారు.

"చుట్టూ చర్మం పొడిగా ఉందండి."

ఆ మాట మెషీన్ల మోతను మించి అరిచి అందరికీ చెప్పాను. పుండు మాన్పింది మా ప్యాడ్ ఒక్కటే అనను. సుగర్ అదుపులోకి వచ్చింది, ఆయన కాలికి విశ్రాంతి ఇచ్చారు. కానీ పాదం నిలిచింది.

ఇప్పుడు మా ల్యాబ్‌లో బుట్ట పక్కనే బరువులు కూడా ఉంటాయి. ప్యాడ్ ఎంత త్వరగా తాగుతుందన్నది మా గొప్ప కోసం అడిగిన ప్రశ్న. మనిషి నిలబడితే ఏమవుతుందన్నది మడమ అడిగే ప్రశ్న. నాకు రెండోది నేర్పింది వెంకన్న గారే.

జూన్‌లో ఆయన బస్టాపు నుంచి నడిచి మా యూనిట్‌కి వచ్చారు. మానిన మడమ చూపించి, "బరువులెందుకండీ, నన్ను నిలబెట్టి చూడండి" అన్నారు. ప్యాడ్‌ను కొలిచిన నీళ్లతో తడిపి నేల మీద పరిచాం. ఆయన బల్ల పట్టుకుని, ఆ మడమ మీదే ఒళ్లంతా మోపి నిలబడ్డారు. కాలు తీసి ప్యాడ్ పక్కకు లాగాక, అలవాటు కొద్దీ భుజం మీది తువ్వాలు తీసి తుడవడానికి వంగారు. అక్కడ తుడవడానికి ఏమీ లేదు.