నేల కర్మాన్‌గారిది, ఇల్లు ఇబుది

మొన్న ఆదివారం కెనడాలో నేనుండే ఊరు వాన్‌లో ఒక ఇల్లు చూపించడానికి వెళ్ళాను. తలుపు తెరవగానే లవంగాల వాసన. అమ్మేవాళ్ళు పొయ్యి మీద చిన్న గిన్నెలో నీళ్ళు పోసి, లవంగాలూ దాల్చినచెక్కా వేసి సన్నని సెగ మీద మరగబెట్టారు. కొనడానికి వచ్చినవాళ్ళకు ఇది మన ఇల్లే అనిపించాలని మా ఏజెంట్లు చెప్పే చిట్కా అది. నేనూ ఎందరికో చెప్పాను. అయినా ఆ వాసనకు గుమ్మంలోనే నిలబడిపోయాను. నాతో వచ్చిన దంపతులు వంటగది చూసి, బేస్‌మెంట్ చూసి పైకొచ్చేదాకా నా మనసు అక్కడ లేదు. నాకు లవంగాలంటే ఇబు.

ఆవిడ పేరు సులాస్త్రి. ఇండోనేషియాలో, జావా ద్వీపంలో, ఒక కొండవాలు పల్లె ఆవిడది. ఇబు అంటే వాళ్ళ భాషలో అమ్మ. పెద్దావిడలను గౌరవంగా పిలిచే పిలుపు కూడా అదే. నేను ఒంగోలు నుంచి వచ్చిన కొత్తలో వాన్‌లో ఒక దినుసుల వేర్‌హౌస్‌లో పనికి చేరాను. అక్కడ మా షిఫ్ట్ సూపర్‌వైజర్ ఆవిడ. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ట్రక్కు డ్రైవర్ల నుంచి మేనేజర్ దాకా అందరూ ఇబు అనే పిలిచేవాళ్ళు. లోడు దించేముందు పక్క డోర్ల దగ్గర పనిచేసేవాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళి, “మేం ఇక్కడ దించుకుంటున్నాం, మీకేం అడ్డం కాదుగా?” అని అడిగి వచ్చేవారు. రోజూ అడిగేవారు. రోజూ వాళ్ళు కాదనే అనేవాళ్ళు. ఇదేం చాదస్తమో అని నవ్వుకునేదాన్ని. నన్ను ‘నక్’ అనేవారు, అంటే పిల్లా అని. మా మాటలన్నీ వచ్చీరాని ఇంగ్లీషులోనే సాగేవి. తలుచుకుంటే మాత్రం నాకు తెలుగులోనే వినిపిస్తాయి.

మా నాన్న ఒంగోల్లో స్థలాల మధ్యవర్తి. పెళ్ళికి వెళ్ళినా అక్షింతలు వేసేలోపే కల్యాణమండపం పక్క ఖాళీ జాగా ఎవరిదో కనుక్కునే మనిషి. ఆ పోలిక నాకు బాగానే వచ్చింది. ఒకరోజు లంచ్‌లో ఇబు చిన్న డబ్బా మూత తీసి, “మా నేలలో కాసినవి,” అంటూ నాలుగు లవంగాలు నా అరచేతిలో పోశారు. నేల అన్న మాట వినపడగానే నా నోరు ఊరుకుంటుందా?

“ఎంత నేల ఇబూ? రోడ్డు పక్కనేనా? గజం ఎంత పలుకుతుంది?”

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, “ముందు వాసన చూడు నక్. కొనడం తర్వాత,” అన్నారు.

ఆ మాట పట్టుకుని ఆవిడ ఇంటికి రాకపోకలు మొదలుపెట్టాను. ఆదివారం సాయంత్రం ఇక్కడ ఏడయితే అక్కడ సోమవారం తెల్లవారుతుంది. ఆ వేళకు ఫోన్‌లో ప్రత్యక్షమయ్యేవాడు ఊళ్ళోని పొరుగాయన. వాళ్ళు పక్ కర్మాన్ అంటారు, మన లెక్కలో కర్మాన్‌గారు. ముప్ఫై ఏళ్ళుగా ఇబు చెట్లను చూసుకుంటూ, లవంగాలు కోసి ఎండబెట్టేది ఆయనే. ఫోన్ చేత్తో పట్టుకుని ఊరంతా తిప్పి చూపించేవాడు. పొగమంచులో మెట్లు మెట్లుగా వరి మడులు, మసీదు రేకుల కప్పు, ఒక ఇంటి ముందు ఆరబోసిన కాఫీ గింజలు. నేను ఇబు భుజం మీదుగా తల దూర్చి ప్రశ్నలు వేస్తూనే ఉండేదాన్ని. గోడ లేదేమిటి? హద్దు ఎలా తెలుస్తుంది? హద్దుకు ఎర్రాకుల మొక్కలు నాటుతారట. ఆ మొక్క ఎక్కడుంటే హద్దు అక్కడే. రాత్రికి రాత్రి ఎవరైనా జరిపి నాటితేనో అన్నాను. ఇబు ఆ ప్రశ్న కర్మాన్‌గారికి చెబితే ఆయన పడీపడీ నవ్వాడు. “ఈ అమ్మాయి ఊళ్ళో దొంగలు ఎక్కువా?” అని అడిగాడట.

ఇంకో వింత ఏమిటంటే, అక్కడ నేల వేరు, ఇల్లు వేరు. ఇబు ఇల్లు టేకు స్తంభాలతో, దూలాలను ఒకదాంట్లో ఒకటి బిగించి కట్టింది. ఒక్క మేకు లేదు. కావాలంటే విప్పి, మోసుకుపోయి, ఇంకో చోట నిలబెట్టుకోవచ్చు. ఇల్లు ఒకరికి, నేల ఇంకొకరికి అమ్మినవాళ్ళూ ఉన్నారట. నేల అమ్మాలన్నా ఇవ్వాలన్నా మాత్రం ముందు నాలుగువైపుల పొరుగువాళ్ళకు చెప్పాలి, వాళ్ళను కూర్చోబెట్టి అన్నం పెట్టాలి. కాగితం ఆ తర్వాతే. ఇదంతా మా నాన్నకు ఫోన్‌లో చెబితే, “అబ్బో, ఆ ఊళ్ళో మాబోటోళ్ళు ఆకలితో సావాల్సిందే,” అన్నాడు.

ఊరు మాత్రం నిద్రపోవడం లేదు. కొండ కింద దాకా కొత్త రోడ్డు వచ్చింది. జలపాతం చూడటానికి పట్నంవాళ్ళు కార్లలో వస్తున్నారు. రెండు ఇళ్ళవాళ్ళు గదులు అద్దెకిస్తున్నారు. విల్లాలు కడతామని బయటివాళ్ళు వచ్చి బేరాలు అడిగి పోతున్నారు. ఇంకోవైపు కుర్రాళ్ళంతా ఫ్యాక్టరీలకు వెళ్ళిపోయి, చెట్టెక్కి లవంగాలు కోసే మనిషి దొరకడం లేదు. ఇబు కోరిక చిన్నదే. రిటైరయ్యాక ఆ ఇంట్లో ఉండాలి, ఒక గది వచ్చేపోయేవాళ్ళకు ఇవ్వాలి, ఇక్కడ కూతురి దగ్గరున్న మనవరాలి కోసం కెనడా వచ్చిపోతూ ఉండాలి.

ఆ చిన్న కోరికకే పెద్ద చిక్కు వచ్చిపడింది. ఇబుది పీఆర్ కార్డు, అంటే పౌరసత్వం లేకుండా ఇక్కడ ఉండిపోయే అనుమతి. అది నిలవాలంటే అయిదేళ్ళలో రెండేళ్ళు కెనడాలో ఉండాలి. ఊళ్ళోనే ఉండిపోతే కార్డు పోతుంది, కూతురింటికి కూడా వీసా అడుక్కుని రావాలి. సిటిజెన్‌షిప్ తీసుకుంటే ఆ బెంగ లేదు. కానీ ఇండోనేషియావాళ్ళకు రెండు పౌరసత్వాలు కుదరవు, పరదేశికి అక్కడ సొంత నేల ఉండకూడదు. ఏడాదిలోగా వదిలేసుకోవాలి. అప్లికేషన్ ఫారం ఆవిడ టేబుల్ మీద నెలల తరబడి అలాగే పడి ఉంది.

నేను ఊరుకోవాల్సింది. ఊరుకుంటే నేను మా నాన్న కూతుర్ని ఎలా అవుతాను? ఆయన్నే అడిగాను.

“దీనికింత ఆలోచన ఏందే? ఆ పొరుగాయన పేరు మీద పెట్టేసి, ఇది నాది కాదు, అడిగినప్పుడు తిరిగి రాసిస్తానని ఎనకమాల ఒక కాగితం రాయించుకోమను. సాక్షి సంతకాలు మర్చిపోవద్దను. మన కాడ అందరూ చేసేదేగా!”

నేను దాన్ని పొందికగా టైప్ చేసి ఇబు చేతిలో పెట్టాను. ఆవిడ రెండుసార్లు చదివారు. “కర్మాన్ దగ్గర నాకు కాగితం ఎందుకు నక్?” అన్నారు. “ఆయన మంచివాడే ఇబూ, రేపు ఆయన కొడుకులో?” అన్నాను. ఎంత తెలివైన మాట అన్నాననుకున్నానో! ఆవిడ కాగితం మడిచి టేబుల్ మీద ఆ ఫారం పక్కన పెట్టారు. చివరికి ఊరికి పంపించారు. అది చెల్లేది కాదని, అక్కడి చట్టానికి విరుద్ధమని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. కానీ జరిగిన నష్టం చట్టంతో కాదు.

కర్మాన్‌గారు చదవకుండానే సంతకం చేశాడు. సాక్షులుగా మిగతా ముగ్గురు పొరుగువాళ్ళూ చేశారు. ఆ తర్వాతి ఆదివారం ఫోన్ ఎత్తింది ఆయన కోడలు. ఆ పైవారమూ ఆవిడే. మూడోవారం ఇబు పట్టుబట్టి పెరడు చూపించమన్నారు. కర్మాన్‌గారి ఇంటి నుంచి ఇబు పెరట్లోంచి వాగుకు ఒక కాలిబాట ఉండేది. ముప్ఫై ఏళ్ళు ఆయన నడిచి నడిచి నున్నగా అయిన బాట. దాని నిండా గడ్డి మొలిచింది.

“మామగారు ఇప్పుడు రోడ్డు చుట్టూ తిరిగి వెళ్తున్నారు,” అందట ఆ కోడలు. “ఇంకొకరి సొత్తు కాజేస్తాడేమోనని ఎవరి చేత కాగితం రాయించుకున్నారో, ఆ మనిషి ఆ పెరట్లో ఎలా నడుస్తాడు అంటున్నారు.”

ఇబు నాకు ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పారు, మెల్లగా, ఒక్కొక్కటే. సిగ్గుతో చచ్చిపోయాను. “తప్పు నాది ఇబూ, నేను చెప్పి ఉండాల్సింది కాదు,” అని ఏడ్చేశాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు. తిట్టనూ లేదు. “పంపింది నేను,” అన్నారు.

పదిరోజుల సెలవు పెట్టి ఊరికి వెళ్ళొచ్చారు. వచ్చాక చెప్పారు. నాలుగువైపులవాళ్ళనూ పిలిచి, పసుపన్నం గోపురంలా పోసి పెట్టి, అందరి ముందూ ఆ కాగితం పొయ్యిలో వేశారట. నేల నిజంగానే, వెనకమాల ఏ రాతా లేకుండా, కర్మాన్‌గారికి రిజిస్టర్ చేసి ఇచ్చేశారు. ఇల్లు మాత్రం ఉంచుకున్నారు. నేల ఆయనది, దాని మీద ఇల్లు ఈవిడది. సిటిజెన్‌షిప్‌కు కూడా అప్లై చేసేశారు.

“అయ్యో ఇబూ, రేపు పొమ్మంటే?”

“విప్పుకుని వెళ్తాను. ఇంకా ముగ్గురు పొరుగువాళ్ళున్నారుగా,” అని నవ్వారు. తర్వాత ఫోన్ తీసి ఒక ఫోటో చూపించారు. కర్మాన్‌గారు లవంగాల బుట్ట నెత్తిన పెట్టుకుని, ఆ గడ్డిలోంచే నడిచొస్తున్నాడు.

కెనడా పాస్‌పోర్ట్ వచ్చాక, మాజీ పౌరులకిచ్చే అనుమతి తీసుకుని ఇబు ఊరికి వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్ట్‌కు నేనే డ్రైవ్ చేశాను. అప్పటికి నాకు ఏజెంట్ లైసెన్సు వచ్చింది, వాన్‌లో సొంత ఇల్లూ కొన్నాను. దారంతా దాని గురించే చెప్పాను: స్థలం ఎంత, కొన్నప్పుడెంత, ఇప్పుడెంత. ఆవిడ శ్రద్ధగా విని, “మంచిది నక్. నాలుగువైపులా ఎవరెవరున్నారు?” అని అడిగారు.

కుడివైపు ఇల్లు ఎంతకు పోయిందో తెలుసు. ఎడమవైపువాళ్ళు బేస్‌మెంట్ పర్మిట్ లేకుండా కట్టించారని తెలుసు. ఎదురిల్లు ఎన్ని వారాలు మార్కెట్‌లో ఉందో తెలుసు. ఒక్క మనిషి పేరు కూడా నా నోటికి రాలేదు. నేను టెర్మినల్ దాకా రోడ్డు చూస్తూ నడిపాను.

ఇల్లు కొంటామని వచ్చినవాళ్ళను ఇప్పుడు నేను ముందు పక్కింటి తలుపు తట్టి రమ్మంటాను. కొందరు వింతగా చూస్తారు, ఒకరిద్దరు వేరే ఏజెంట్‌ను చూసుకున్నారు కూడా. నా సంగతికొస్తే, ఇబు వెళ్ళిన ఈ నాలుగేళ్ళలో మూడు వైపులవాళ్ళు తెలిశారు. వెనకవైపు పెద్దాయన తలుపు రెండుసార్లు తట్టాను, తీయలేదు. మళ్ళీ వెళ్ళాలి.